పట్టమునకును పీఠమునకును నడుమ
(డాక్టరేటు పిమ్మటి పరిశోధన పదవులు – తెలుగు విజ్ఞానుల అనుభవము)

మత్తిగిరి పశుక్షేత్రము చరిత్ర ప్రసిద్ధమైనది. 1824వ సంవత్సరమున సైన్యమునకు గుఱ్ఱములను సమకూర్చుటకై నెలకొల్పబడిన ఆ క్షేత్రము కాలక్రమమున గోసంతతికిని, గొఱ్ఱెలకును, కోళ్ళకును నెలవయ్యెను. పశుపోషణ మెఱిగిన హోసూరు సీమ రైతునకు ఒక సత్యము తెలియును. మేలిజాతి కోడెదూడ పుట్టిననాడే దాని మేలిమి తేలదు. అది యెదిగి, దాని సంతతి వచ్చి, ఆ సంతతి పాలిచ్చి, లెక్క తేలువఱకు ఎన్నియో సంవత్సరములు గడచును. అంతకాలమును ఫలము చూడకయే మేపవలెను. మేపు చేయి నడుమ విడిచినచో అంతవఱకు పెట్టిన మేతయు వ్యర్థమే యగును.

విద్యారంగమునందును ఇట్టి నడిమి కాలమొకటి కలదు. విద్యార్థి పట్టములన్నియు పొంది, కడపట పరిశోధన గ్రంథము సమర్పించి డాక్టరు బిరుదము నందును. ఆనాటితో అతని విద్యార్థిదశ ముగియును. కాని ఆచార్యపీఠము వెంటనే లభింపదు. ఆ రెంటి నడుమ రెండు మూడేండ్లు, ఒక్కొక్కయెడ పదియేండ్లు, ఏదో యొక ప్రయోగశాలయందు గడువు గల భృతిపై పనిచేయవలసియుండును. ఈ పదవినే ఇంగ్లీషు చదువరులు పోస్టుడాక్టొరల్ ఫెలోషిప్ అందురు. వాడుకలో దానిని ‘పోస్టుడాక్’ అని కుదించిరి. తెలుగున దీనికి స్థిరమైన పేరింకను ఏర్పడలేదు. ఈ వ్యాసమున ‘అనంతర పరిశోధన పదవి’ యని వ్యవహరింపబడును. ఈ పదవి ఎట్లు పుట్టినది, భరతఖండమునకు ఎట్లు వచ్చినది, తెలుగు విజ్ఞానులు కొందఱు ఈ నడిమి కాలమును ఎట్లు దాటిరి అను విషయములు ఇందు విచారింపబడును.

౧. పదవి పుట్టుక

పందొమ్మిదవ శతాబ్దమున విజ్ఞానమునకు జర్మనీదేశము గురుపీఠము. అచట డాక్టరు బిరుదము పొందినవాడు మఱియొక గ్రంథము వ్రాసి, పండితసభ నొప్పించి, విశ్వవిద్యాలయమున పాఠము చెప్పు నధికారము పొందవలెను. అట్టివానిని ‘ప్రీవాట్ డోజెంట్’ అనుచుండిరి. అతనికి అధికారమే కాని ప్రభుత్వ వేతనము లేదు. వినవచ్చిన విద్యార్థులు చెల్లించు రుసుమే అతని జీవనము. 1908లో స్విట్జర్లాండునందలి బెర్న్ విశ్వవిద్యాలయమున ఐన్‌స్టీన్ ఈ హోదాయందే చేరెను. పేటెంటు కార్యాలయపు ఉద్యోగమును ఆయన అపుడు విడువలేదు. విడిచినచో భుక్తి గడచుట దుర్ఘటము. కాబట్టి ఆ పద్ధతిలో స్వేచ్ఛ యుండెను గాని, ఆస్తిపాస్తులు కలవారికే అది సుఖముగా అందుచుండెను.

అమెరికాలో 1876వ సంవత్సరమున ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము వేఱు మార్గము త్రొక్కెను. తొలి సంవత్సరమే 20 మంది యువపండితులకు తలకు 500 డాలర్ల చొప్పున భృతి నొసగెను. పాఠము చెప్పు భారము మోపక, పరిశోధనకై ధనమిచ్చి పోషించుట అను భావము అచట వేరూనెను.

అయితే డాక్టరేటు పిమ్మటి దశకే ప్రత్యేకముగా ఏర్పడిన భృతులకు 1919వ సంవత్సరము ముఖ్యమైనది. మొదటి ప్రపంచయుద్ధానంతరము రాక్‌ఫెల్లర్ సంస్థ భౌతిక రసాయన శాస్త్రముల యభివృద్ధికి ధనమీయ సంకల్పించెను. ఆ ధనముతో ఒక మహాపరిశోధనాలయము కట్టవలెనా, లేక యువకులకు భృతులిచ్చి ఉన్న విశ్వవిద్యాలయములకే పంపవలెనా అను చర్చ సాగెను. తుదకు రెండవ పక్షమే నెగ్గి, జాతీయ పరిశోధన మండలి ద్వారా 5 లక్షల డాలర్లతో భృతులు నెలకొల్పబడెను. భవనముకంటె మనుష్యుడే ముఖ్యుడని తేల్చిన నిర్ణయమది. ఆ భృతి పొందినవారిలో రాబర్ట్ ఓపెన్‌హైమర్ ఒకడు. 1923లో ఏర్పడిన అంతర్జాతీయ విద్యామండలి ఇట్టి భృతులను ఐరోపాకును విస్తరింపజేసెను. దాని సాహాయ్యముతోనే హైజెన్‌బర్గ్ కోపెన్‌హాగన్ నగరమున నీల్స్ బోర్ సన్నిధిని పనిచేసెను. జర్మనీలో 1953న పునఃస్థాపితమైన హంబోల్ట్ సంస్థ అన్యదేశ పండితులకు ఇట్టి భృతుల నొసగుచు, భారతీయులనేకులకు తోడ్పడినది.

ఈ చరిత్రలో ఒక సూత్రము కనుపట్టును. ఈ పదవి నిరీక్షణశాలగా పుట్టలేదు. యౌవనమున బుద్ధి చుఱుకుగా నుండు కాలమున, గురువు నీడ దాటి, తనంత తాను ఆలోచించుకొనుటకు ఈయబడిన వెసులుబాటుగా పుట్టినది. ఆ వెసులుబాటు ఎచట నిజముగా దొరకెనో అచట ఫలము పండెను. ఎచట దొరకలేదో అచట మనుష్యుడు నలిగెను.

౨. మదరాసు రాజధానియు, బెంగుళూరును

హోసూరు తాలూకా నాడు మదరాసు రాజధానియందలి సేలము జిల్లాలోనిది. ఆ రాజధానిలో పరిశోధనకై ప్రత్యేక భృతి పొందినవారిని తలచునపుడు శ్రీనివాస రామానుజన్ పేరు మొదట స్మరింపదగినది. ఆయన పట్టభద్రుడు కాడు. నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావు కొంతకాలము తన సొంత ధనముతో ఆయనను పోషించెను. పిమ్మట ఆయన మదరాసు రేవు కార్యాలయమున గుమాస్తాగా పనిచేసెను. 1913వ సంవత్సరమున మదరాసు విశ్వవిద్యాలయము నియమములను సడలించి నెలకు 75 రూపాయల పరిశోధన భృతి నొసగెను. 1918లో కేంబ్రిడ్జియందలి ట్రినిటీ కళాశాల ఆయనను ఫెలోగా నెన్నుకొనెను. అది ఏటికి 250 పౌనుల చొప్పున ఆఱేండ్ల భృతి. దానికి ఏ నిర్బంధమును లేదు. పట్టము ముఖ్యము కాదు, ప్రతిభకు తీఱిక నిచ్చుటయే ముఖ్యమనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మత్తిగిరికి ఉత్తరమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరు ఈ చరిత్రలో రెండవ ఘట్టమునకు స్థానము. జంషెడ్జీ టాటా సంకల్పమునుండి పుట్టి 1909లో స్థాపితమైన భారతీయ విజ్ఞాన మందిరము బి.ఏ. తరగతులు నడుపుటకు ఏర్పడినది కాదు. పట్టము పొందినవారు పరిశోధన చేయుటకే అది యేర్పడినది. 1911న తొలి విద్యార్థులు చేరిరి. విశ్వవిద్యాలయముతో తుల్యమైన ప్రతిపత్తి దానికి 1958 వఱకు రాలేదు. అంతకుముందు అచట పనిచేసినవారు పలువురు తమ పరిశోధన గ్రంథములను ఇతర విశ్వవిద్యాలయములకు సమర్పించి డాక్టరేటు పొందుచుండిరి. 1933లో సర్ సి. వి. రామన్ దానికి తొలి భారతీయ డైరెక్టరయ్యెను. 1957 మొదలు 1962 వఱకు ఆ పీఠము నలంకరించినవాడు తెలుగువాడైన సూరి భగవంతము.

భగవంతము 1909లో కృష్ణా మండలమందలి ఆగిరిపల్లెయందు జన్మించెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, రామన్ ఫలితము వెల్లడియైన 1928వ సంవత్సరముననే కలకత్తాలో రామన్ సన్నిధి చేరెను. ఆనాటి కలకత్తా పరిశోధనాలయమున విద్యార్థి, పరిశోధకుడు, సహాయకుడు అను హద్దులు గట్టిగా లేవు. పనిచేయగలవానికి పని దొరకెడిది. పిదప ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రాచార్యుడై, వాల్తేరున తానును ఒక శిష్యబృందమును తయారుచేసెను. త్రిపురనేని వంటి సాహితీవేత్తల తరమునకు పిమ్మటిదైన ఆ వాల్తేరు తరమున తెలుగు యువకులకు విజ్ఞాన పరిశోధన సైతము ఒక జీవనమార్గమని తోచెను. టి. వేంకటరాయుడుతో కలసి భగవంతము వ్రాసిన సమూహసిద్ధాంత గ్రంథము 1948లో వెలువడి, దేశాంతరములందును పఠింపబడెను. శిష్యుని పేరు గురువు పేరు ప్రక్కనే గ్రంథముఖమున నిలుచుట గమనింపదగినది. ఈ చిన్న విషయమునకు గల విలువ తరువాతి కథవలన తెలియగలదు.

౩. ఎల్లాప్రగడ సుబ్బారావు : పదునేడేండ్ల నడిమి కాలము

భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మదరాసు వైద్యకళాశాలలో చదివెను. ఖద్దరు ధరించుటచే ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువ తరగతి యోగ్యతాపత్రముతో బయటపడవలసివచ్చెను. కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి సహాయ వాగ్దానమును, మామగారి తోడ్పాటును ఆధారముగా గైకొని 1922 అక్టోబరున అమెరికాయందలి బోస్టను నగరము చేరెను. హార్వర్డున చేరుటకు ఆయన చేత భృతి యేదియు లేదు. రాత్రివేళ ఆసుపత్రిలో సేవకుని పని చేసి, పగలు చదివెను.

హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరిన సుబ్బారావు 1925లో భాస్వరమును కొలుచు వర్ణపద్ధతిని ఫిస్కుతో కలసి ప్రకటించెను. రక్తమునందలి భాస్వరమును కొలుచుటకు మానవవైద్యశాలలును, పశువైద్యశాలలును ఆ పద్ధతిని దశాబ్దములపాటు వాడినవి. 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును వారు వెల్లడించిరి. జర్మనీయందు కార్ల్ లోమన్ వేఱుగా అదే ద్రవ్యమును ఆ సంవత్సరముననే కనుగొనెను. ఈ పనులన్నియు జరిగినది డాక్టరేటునకు ముందు. ఆయనకు పి.హెచ్.డి. వచ్చినది 1930లో.

అంతటి పని చేసినవానికి పట్టము పిమ్మట స్థిరపదవి రావలసియుండెను. రాలేదు. మఱి పది సంవత్సరములు హార్వర్డుననే చిన్న పదవులయందు గడపెను. అదే శాఖలో పనిచేసి, అనంతరము నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్స్ ఒక మాట తెలిపియున్నాడు. సుబ్బారావు వేఱుపఱచిన కొన్ని ద్రవ్యములు ఫిస్క్ వెలికి రానీయకపోవుటచే తరువాతి సంవత్సరములలో ఇతరులు మరల కనుగొనవలసివచ్చెనని ఆయన సాక్ష్యము. దీనికి తోడు ఆనాటి అమెరికా చట్టము భారతీయులకు పౌరసత్వము నిరాకరించుచుండెను. 1946 వఱకు ఆ ద్వారము తెఱువబడలేదు. స్థిరమైన పదవియు లేదు, స్థిరమైన దేశమును లేదు.

1940లో ఆయన హార్వర్డును వీడి లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరెను. అచట ఆయనకు దొరకినవి మూడు : అధికారము, సహాయకులు, తన ప్రశ్న తానే యెన్నుకొను స్వేచ్ఛ. అవి దొరకిన ఎనిమిదేండ్లలో ఏమి జరిగెనో చూడుడు. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము వేఱుపఱుపబడి కృత్రిమముగా తయారయ్యెను. ఆ ఆమ్లమునకు ప్రతిద్రవ్యములైన ఔషధములు పుట్టెను. వానితో సిడ్నీ ఫార్బర్ బోస్టనులో రక్తపు క్యాన్సరుతో బాధపడు శిశువులకు చికిత్స చేయగలిగెను. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వచ్చెను. బెంజమిన్ డగ్గర్ అదే సంస్థలో ఆరియోమైసిన్‌ను కనుగొనెను. 1948 ఆగస్టున సుబ్బారావు తన 53వ యేట న్యూయార్కు ప్రాంతమున మరణించెను.

ఇందు పాఠకులు లెక్కింపవలసినది యొకటి. బోస్టను చేరిన 1922 మొదలు హార్వర్డు వీడిన 1940 వఱకు పదునేడేండ్లకు పైగా గడచినవి. స్వతంత్రముగా పనిచేయ లభించినవి ఎనిమిదేండ్లు. ఆ ఎనిమిదేండ్లలో పండిన ఫలమునుబట్టి, నడిమి కాలమున ఎంత కోల్పోబడెనో ఊహింపవచ్చును. ఈ నష్టము ఆయనది మాత్రమే కాదు. ఆ యౌషధముల కొఱకు వేచి, అవి వచ్చులోపల మరణించిన రోగులది కూడ.

౪. ప్రవాసాంధ్ర కుటుంబమునుండి కేంబ్రిడ్జి వఱకు

కల్యంపూడి రాధాకృష్ణారావు కథ హోసూరు తెలుగువారికి మిక్కిలి సన్నిహితమైనది. ఆయన 1920లో ఆంధ్రదేశమున గాక, నేటి కర్ణాటకమందలి హూవిన హడగలియందు తెలుగు కుటుంబమున జన్మించెను. తండ్రి ఉద్యోగరీత్యా పలు ఊళ్ళు మారగా గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ఎం.ఏ. పట్టమును మొదటి తరగతిలో పొందియు ఉద్యోగము దొరకలేదు. యుద్ధకాలమున సైనికశాఖ ఉద్యోగమునకై కలకత్తా వెళ్ళి, అచట గణాంకశాస్త్ర శిక్షణను గూర్చి విని, 1941లో మహలనోబిస్ నడుపుచున్న భారతీయ గణాంక సంస్థలో చేరెను. ఒక నిరుద్యోగి దారి తప్పి చేరిన తావున శాస్త్రమునకు దారి దొరకెను.

1945లో, తన 25వ యేట, ఆయన ప్రకటించిన ఒక్క వ్యాసమున రెండు ఫలితములు ఇమిడియున్నవి. నేటికిని అవి క్రామర్–రావు హద్దు అనియు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమనియు ప్రపంచమంతట పాఠ్యగ్రంథములలో చదువబడుచున్నవి. అప్పటికి ఆయనకు డాక్టరేటు లేదు. 1946లో కేంబ్రిడ్జివారు తమ మానవశాస్త్ర వస్తుప్రదర్శనశాలలో పనికై పిలిపించిరి. సూడాను దేశమున జెబెల్ మోయా అను తావున త్రవ్వి తీసిన ప్రాచీన అస్థికల కొలతలను గణాంకరీతిని పరిశీలించుట ఆ పని. జీతము తెచ్చిన పని అది. దానితోపాటే ఆర్. ఏ. ఫిషర్ వద్ద పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందెను. ఆ సంవత్సరముననే గణాంకశాస్త్రమున మఱియొక ప్రసిద్ధ పరీక్షాపద్ధతిని ప్రకటించెను.

కేంబ్రిడ్జి నుండి ఆయన రిక్తహస్తములతో తిరిగి రాలేదు. కలకత్తా సంస్థ ఆయన స్థానమును కాచియుంచెను. వచ్చినంతనే అచట ఆచార్యుడై దశాబ్దములు పనిచేసి, శిష్యపరంపరను నిర్మించెను. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము నంది, ఆ యేడాది ఆగస్టున 102 ఏండ్ల వయస్సున దివంగతుడయ్యెను. సుబ్బారావునకును రాధాకృష్ణారావునకును ప్రతిభలో భేదమెంచుట తగదు. భేదమొక్కటే : రెండవవానికి తిరిగి వచ్చుటకు ఇల్లుండెను.

ఇంజనీరింగు, పరిశ్రమల పక్షమున యలవర్తి నాయుడమ్మ కథయు ఇట్టిదే. గుంటూరు మండలమున 1922లో జన్మించిన ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, అమెరికాయందలి లేహై విశ్వవిద్యాలయమున తోళ్ళ శాస్త్రమున డాక్టరేటు పొందెను. మదరాసున 1948లో ప్రారంభమైన కేంద్ర చర్మ పరిశోధనాలయము ఆయనకు కార్యక్షేత్రమై, 1958లో ఆయననే డైరెక్టరుగా గైకొనెను. తోళ్ళ పనివారల గుడిసెలనుండి ఎగుమతి రేవుల వఱకు ఆ పరిశోధనాలయపు ప్రభావము ప్రాకెను. చదివిన విద్యకు తగిన పనిముట్లు, ఆ పనిముట్లకు తగిన పరిశ్రమ, మూడును ఒకచోట కూడుటచే విద్య ఫలించెను.

౫. ఏకామ్ర నివాసము నుండి గణితవిజ్ఞాన సంస్థ వఱకు

తమిళదేశమున నివసించు తెలుగువారికి అల్లాడి రామకృష్ణన్ కథ ప్రత్యేకముగా స్మరణీయము. నెల్లూరు మండలమందలి పుదూరున పుట్టి రాజ్యాంగ నిర్మాతలలో నొకడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు ఆయన తండ్రి. రామకృష్ణన్ 1923లో జన్మించెను. హోమీ భాభా వద్ద పని నారంభించి, మాంచెస్టరున డాక్టరేటు పొంది, మదరాసు విశ్వవిద్యాలయమున చేరెను. 1957–58లో అమెరికాయందలి ప్రిన్‌స్టన్ ఉన్నత విద్యా సంస్థలో ఒక సంవత్సరము గడపెను. ఆ సంస్థ అనంతర పరిశోధకులకు స్వర్గమని పేరుగాంచినది. అచట పరీక్షలు లేవు, పట్టములు లేవు, పాఠములు చెప్పు నిర్బంధము లేదు. ఆనాడు దానికి డైరెక్టరు ఓపెన్‌హైమర్. ఒకప్పుడు జాతీయ పరిశోధన మండలి భృతిపై తిరిగిన యువకుడే నడివయస్సున అనేక యువకులకు అట్టి అవకాశము నిచ్చు స్థానమున కూర్చుండెను.

మదరాసునకు తిరిగివచ్చిన రామకృష్ణన్ అట్టి గాలిని మైలాపూరుననే వీవజూచెను. ఏకామ్ర నివాసమను తన కుటుంబగృహమునందే సైద్ధాంతిక భౌతికశాస్త్ర గోష్ఠి నడపెను. విద్యార్థులు చేరిరి, దేశాంతర పండితులు వచ్చి ప్రసంగించిరి. 1960లో నీల్స్ బోర్ మదరాసు వచ్చి ఆ యువకులను చూచి మెచ్చుకొనెను. నాటి మదరాసు మంత్రి సి. సుబ్రహ్మణ్యము ప్రోత్సాహమును, ప్రధాని నెహ్రూ అంగీకారమును తోడుగా 1962 జనవరి 3వ తేదిన గణితవిజ్ఞాన సంస్థ ఆవిర్భవించెను. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ దానిని ప్రారంభించెను. ఒక గృహపు వసారానుండి ఒక జాతీయ సంస్థ పుట్టుట అరుదైన విషయము. ఇతరుల దేశమున తాను పొందిన వెసులుబాటును తన యూరి పిల్లలకును అందింపవలెనను పట్టుదలయే దానికి మూలము.

౬. నిలువనీడ కొఱకు : 1958 పథకము మొదలు నేటి వఱకు

స్వాతంత్ర్యానంతరము ఉన్నతవిద్యకై విదేశములకేగినవారి సంఖ్య పెరిగెను. తిరిగి రాదలచినవారికి ఎదురైన ప్రశ్న ఒక్కటే : వచ్చి ఎచట చేరవలెను? ప్రకటన వెలువడి, దరఖాస్తు పంపి, పరిచయ పరీక్షకు పిలుపు వచ్చి, నియామకము జరుగువఱకు తిండి యెట్లు? దీనికి సమాధానముగా భారత ప్రభుత్వము 1958లో విజ్ఞానుల నిధి యనదగిన ‘సైంటిస్ట్స్ పూల్’ పథకము నేర్పఱచి, 1942లో స్థాపితమైన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి దాని నిర్వహణము నొప్పగించెను. అర్హుడైన విజ్ఞాని స్థిరోద్యోగము దొరకువఱకు ఏదైన విశ్వవిద్యాలయమునందో, పరిశోధనాలయమునందో తాత్కాలికముగా భృతిపై పనిచేయవచ్చును. ఈ పథకము అనేకులకు నిలువనీడ యయ్యెను. కాని నీడ యిల్లు కాదు. గడువు ముగిసిన పిమ్మట ఏమి యను ప్రశ్న అట్లే నిలిచెను.

ఇటీవలి కాలమున ద్వారములు పెరిగినవి. 2008లో ఇన్‌స్పయిర్ కార్యక్రమము ఆరంభమయ్యెను. దాని క్రింద ఐదేండ్ల ఫ్యాకల్టీ భృతి యేర్పడెను. డి. ఎస్. కొఠారి పేర విశ్వవిద్యాలయ నిధుల సంఘము అనంతర పరిశోధన భృతులు నెలకొల్పెను. విజ్ఞాన ఇంజనీరింగు పరిశోధన మండలి రెండేండ్ల జాతీయ భృతి నేర్పఱచెను. 2023వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థలో ఆ మండలి లీనమయ్యెను. బెంగుళూరు విజ్ఞాన మందిరమున రామన్ పేర అనంతర పరిశోధన పదవులు గలవు. సంసారభారముచే పరిశోధన మానవలసివచ్చిన స్త్రీలు మరల ప్రయోగశాలకు వచ్చుటకు వేఱుగ పథకములు వచ్చినవి. ఇది హర్షింపదగిన మార్పు. ఏలనన, పట్టమునకును పీఠమునకును నడుమనున్న కాలమే వివాహమునకును, సంతానమునకును కాలము. వయోపరిమితి యను గీత స్త్రీకి పురుషునికంటె ముందుగానే అడ్డుపడును.

ద్వారములు పెరిగినను, లోపలికి పోయినవారికి తరువాతి ద్వారము సులభముగా తెఱచుకొనుట లేదు. డాక్టరేటు పొందువారి సంఖ్యకు తగినట్లు ఆచార్యపదవులు పెరుగకుండుటచే, ఒక భృతినుండి మఱియొక భృతికి, ఒక నగరమునుండి మఱియొక నగరమునకు తిరుగుట లోకమంతట వాడుకయైనది. భృతి సకాలమున అందకపోయినచో ఇంటి అద్దె నిలిచిపోవును. ప్రయోగశాల పెద్ద యొప్పనిదే యోగ్యతాలేఖ రాదు. వ్యాసమున పేరెక్కడ నిలుచునను విషయమున నోరెత్తుటకు తాత్కాలికోద్యోగికి ధైర్యము చాలదు. హార్వర్డున సుబ్బారావు అనుభవించినది ఒక మనుష్యుని దురదృష్టము మాత్రము కాదు. గడువుపదవిలో నున్న ప్రతివానికిని పొంచియున్న అపాయము.

౭. ఫలితార్థము

పై చరిత్రనుండి తేలు విషయములు నాలుగు. ఒకటి, భృతి బ్రతుకుటకు చాలినదై, గడువు పని ముగియుటకు చాలినదై యుండవలెను. రామానుజన్‌కు ట్రినిటీ ఇచ్చిన ఆఱేండ్లు దీనికి కొలబద్ద. రెండు, ప్రశ్న నెన్నుకొను స్వేచ్ఛ పరిశోధకునికి ఉండవలెను. లెడర్లీలో సుబ్బారావు దీనికి సాక్షి. మూడు, చేసిన పనికి చేసినవాని పేరు నిలువవలెను. భగవంతము, వేంకటరాయుడుల గ్రంథముఖము దీనికి ఆదర్శము. నాలుగు, తిరిగి వచ్చుటకు ఒక తావు ఉండవలెను. కలకత్తా సంస్థ రాధాకృష్ణారావునకును, చర్మ పరిశోధనాలయము నాయుడమ్మకును అట్టి తావులైనవి. ఈ నాలుగింటిలో ఒకటి లోపించినను పదవి పేరునకే మిగులును.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి ఈ చరిత్రతో ఏమి పని యని కొందఱు శంకింపవచ్చును. తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే సంతలో వినబడు సీమ యిది. ఇచటి తెలుగు పాఠశాలలో అక్షరములు దిద్దిన బాలుడు మరుసటి మెట్టున తమిళమును, ఆపై మెట్టున ఇంగ్లీషును ఎక్కవలసియున్నది. ఇంట నొక భాష, బడిలో నొక భాష, ఉద్యోగమున నొక భాష. ప్రతి మెట్టుననూ తాను పరాయివాడనను తలపు అతనిని వెనుకకు లాగును. అట్టి బాలునకు హూవిన హడగలి తెలుగు బిడ్డ కథయు, మైలాపూరు వసారా కథయు తెలియవలెను. పొరుగు భాషల నడుమ పెరుగుట శాస్త్రమునకు అడ్డంకి కాదని ఆ కథలు చాటుచున్నవి. పలుభాషల నడుమ పెరిగినవానికి పరదేశపు ప్రయోగశాలయందు మెలగుట ఒకవిధముగ సులువే యగును.

తల్లిదండ్రులు సైతము తెలిసికొనవలసినది కలదు. కొడుకునకో కూతునకో డాక్టరేటు వచ్చినదని ఊరంతయు పండుగ చేసికొన్న మరుసటి సంవత్సరమున, ‘ఇంకను ఉద్యోగము కాలేదా?’ యని చుట్టములు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న వినలేక పరిశోధన విడిచినవారు లేకపోలేదు. ఈ నడిమి కాలము సోమరితనము కాదనియు, విజ్ఞానవృత్తిలో అది యొక క్రమమైన దశయనియు ఇంటివారు గ్రహించినచో సగము భారము తగ్గును. ప్రభుత్వము భృతి నీయవలెను, విశ్వవిద్యాలయము తావునీయవలెను, ఇల్లు ఓర్పు నీయవలెను.

మత్తిగిరి రైతు మేలిజాతి కోడెను అమ్మకమునకు తొందరపడక కాచికొనును. ఈ సీమ బిడ్డలలో ఒకడో, ఒకతెయో బెంగుళూరు మార్గమున సాగి, ఏ దూరదేశపు ప్రయోగశాలలోనో రాత్రులు మేల్కొని పనిచేయుచున్నచో, వారికొఱకు ఇచట వేచియుండు వారుండవలెను. ఎల్లాప్రగడ సుబ్బారావు మరల స్వదేశమును చూడలేదు. ఆయన వంటి వారికి రాదగిన ఇల్లొకటి కట్టియుంచుటయే ఆ ఋణమును తీర్చుకొను మార్గము.